పాదాలు లేని మాత

శనివారం పొద్దున్నే పాస్తోరా కాల్చిన రొట్టెల మీద టమాటా గుజ్జు రాస్తూ, ఒక చెవి హాల్లోనూ ఒక చెవి పడకగది తలుపు దగ్గరా పెట్టింది. హాల్లో భర్త లియాండ్రో టీవీ చూస్తున్నాడు. పడకగదిలో వియ్యాలవారు ఇంకా లేవలేదు. ముందురోజు సాయంత్రం రైలు దిగి వచ్చిన వాళ్లకి తన గది, తన మంచం, తన పెళ్లినాటి లేసు దుప్పటి ఇచ్చేసి, కూతుర్ని సోఫా మీదికి తరిమి, తాను మొగుడితో కలిసి కూతురి గదిలో సర్దుకుంది. రేపు ఆదివారం వాళ్లు పిల్లనడుగుతారు. కూతురు అరసెలి, పెళ్లికొడుకు ఎనేకో ఎప్పుడో మాట అనేసుకున్నారు. అయినా పెద్దవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని, పిల్లనివ్వమని నోరు తెరిచి అడిగి, పిల్ల చేతికి కంకణం తొడిగితేగాని పాస్తోరా దృష్టిలో అది మాట కిందికి రాదు.

టీవీలో ఏదో అడవి కనిపించింది. చెట్టు కొమ్మ మీద ఆకులు మెల్లగా కదిలాయి.

"లియాండ్రో!" వంటింట్లోంచి కేక.

ఆయన వేలు అప్పటికే రిమోట్ మీద ఉంది. అడవి పోయి వంటల కార్యక్రమం వచ్చింది.

"కనిపించిందా?"

"లేదు. తోక మాత్రం కనిపించినట్టుంది."

"బల్లి, బల్లి!" అంటూ పాస్తోరా చెక్క అలమరా తలుపు తట్టింది.

సెవిల్ నగరంలో పాతకాలపు ఇళ్లలో పాము పేరెత్తరు. ఎత్తితే అరిష్టం. తప్పనిసరైతే 'పురుగు' అంటారు. ఎవరైనా నోరు జారితే 'బల్లి, బల్లి' అని చెక్కనో ఇనుమునో తట్టి ఆ దోషం పోగొట్టుకుంటారు. నదికి ఇవతల ట్రియానా పేటలో పుట్టి పెరిగిన పాస్తోరా ఈ ఆచారాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లింది. వసారాలో పూలకుండీలకు నీళ్లు పెట్టే గొట్టం ఆమెకి 'ఆ పొడుగుది'. లియాండ్రో గుండెకి ఆపరేషన్ జరిగితే అది 'ఆ సంగతి'. ఒక్కగానొక్క కూతురు కాపురం పెట్టబోయే ఊరు బిల్బావో. దేశానికి ఆ చివర, సముద్రం పక్కన ఉంటుంది. అది 'అక్కడ'. చెడ్డదాన్ని పేరుపెట్టి పిలిస్తే వస్తుంది, పిలవకపోతే రాదు. ఇదీ ఆవిడ లెక్క.

అలాగని భక్తికి లోటు లేదు. రోజూ పూజకి వెళ్తుంది, జపమాల తప్పదు. "దేవుణ్ణి నమ్మేదానివి, నీకీ బల్లులెందుకమ్మా?" అని ఒకసారి ఫాదర్ గారు అడిగితే, "ఆయనకి పెద్ద పనులుంటాయి ఫాదర్. చిన్నవాటికి బల్లి చాలు" అంది.

పడకగది తలుపు తెరుచుకుంది. ముందు వియ్యంకుడు చోమిన్ వచ్చాడు. ఎర్రటి బుగ్గలు, గుండ్రటి నల్ల టోపీ, హాయిగా నిద్రపోయి లేచిన ముఖం. వెనకాల వియ్యపురాలు కార్మెలే. హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. నిటారుగా నడిచే ఆవిడ తల ఆ పూట ఎందుకో ఎడమ భుజం మీదికి వాలిపోయి ఉంది.

"నిద్ర పట్టిందా కార్మెలే గారూ?"

"ఆఁ, పట్టింది." ఆవిడ మెడ నిమురుకుంది. "మంచం... బాగుంది."

ఆ మాటల మధ్య వచ్చిన చిన్న విరామం పాస్తోరాకి సూదిలా గుచ్చుకుంది. పక్క సర్దే వంకతో లోపలికి తొంగిచూసింది. మంచానికి ఒక పక్కే దుప్పటి నలిగి ఉంది. రెండో పక్క ఇస్త్రీ చేసినట్టు అలాగే ఉంది. 'మా పరుపు ఈవిడకి పనికిరాలేదన్నమాట' అనుకుంది.

"గదిలో మాత పటం చూశాను, పాస్తోరా గారూ. ఎంత చక్కటి ముఖమో!" కార్మెలే కాఫీ కలుపుకుంటూ అంది. "కానీ ఆ తల్లికి కాళ్లేవండీ?"

"ఫ్రేములో పట్టలేదు," అంది పాస్తోరా.

లియాండ్రో రొట్టె గొంతుకి అడ్డం పడ్డట్టు దగ్గాడు. అరసెలి కప్పులోకి చూస్తూ ఉండిపోయింది. ఆ పటం మ్యూజియంలో కొన్న రంగుల కార్డు. ఫ్రేము పెద్దదే. కింది భాగాన్ని పాస్తోరా కోడిని ముక్కలు చేసే కత్తెరతో కత్తిరించేసింది. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు.

స్నేహితుడి ఇంట్లో దిగిన ఎనేకో అప్పుడే వచ్చాడు. అరసెలి అతన్ని వసారాలోకి లాక్కెళ్లింది.

"మీ అమ్మకి చెప్పావా, ఆ మాట గురించి?"

"చెప్దామనుకున్నా. మా అమ్మకి నేను ఏదైనా చెప్పేలోపే ఆవిడే నాకు ఏదో ఒకటి చెప్పేస్తుంది."

"ఈ రెండు రోజులూ ఎలాగోలా గడిపించు, నా ప్రాణమా. లేకపోతే నేను పెళ్లి కాకుండా ఈ ఇంట్లోనే బల్లుల్ని పిలుస్తూ ముసలిదాన్నైపోతాను."

*

వంతెన దాటి ఊరు చూపించడానికి బయల్దేరారు. పెద్ద చర్చి గంటల గోపురం ఎక్కించారు. మెట్లు లేకుండా, గుర్రాలు ఎక్కడానికని ఏటవాలుగా కట్టిన దారి అది. "మా దగ్గరైతే ఈపాటికి లిఫ్టు పెట్టేవాళ్లు," అంది కార్మెలే ఆయాసపడుతూ. పైనుంచి నది చూపిస్తే, "మా నదిలో ఓడలు తయారయ్యేవి," అంది. నారింజ చెట్టు చూపిస్తే కాయ కోసి రుచి చూసి, ముఖం చేదుగా పెట్టి, "మా పక్క ఆపిల్ కాయ ఇంతుంటుంది," అని రెండు చేతులూ చాపింది.

"అది గుమ్మడికాయేమో, సరిగ్గా చూశారా?" అంది పాస్తోరా తియ్యగా.

చోమిన్ లియాండ్రో వెంట నడుస్తున్నాడు. లియాండ్రో అతనికి ప్రతి సందు మొగలోనూ ఏ కొట్లో ఏ ద్రాక్షసారా చల్లగా దొరుకుతుందో చూపిస్తున్నాడు. మగవాళ్లిద్దరికీ ఒక్క పూటలో పాతికేళ్ల స్నేహం కుదిరిపోయింది.

పెళ్లికొడుక్కి పెట్టాల్సిన వాచీ కొనడానికి బజారుకి వెళ్లారు. ఎండ తగలకుండా పైన గుడ్డలు కట్టిన ఇరుకైన వీధి. విసనకర్రలు, శాలువాలు, తల్లో పెట్టుకునే పెద్ద దువ్వెనలు. పాస్తోరా జీవితంలో సగం ఆ వీధిలోనే బేరాలాడింది. ఆవిడ దాన్ని 'కొట్ల వీధి' అంటుంది. కార్మెలే మాత్రం వీధి మొదట్లో ఆగి, గోడకున్న పేరు పైకి చదివింది.

"సియెర్పెస్. అంటే పాతభాషలో పాములే కదా! పాముల వీధి!"

పాస్తోరా పక్కనున్న ఇనుప ఊచలు పట్టుకుంది. "బల్లి, బల్లి!"

"ఎక్కడ?" కార్మెలే గోడంతా వెతికింది.

"వెళ్లిపోయింది లెండి," అన్నాడు లియాండ్రో. "ఎండకి గోడలెక్కుతుంటాయి."

వాచీ కొన్నారు. విసనకర్రలు కొన్నారు. ఒక సంచుల కొట్లో కార్మెలే కళ్లు అద్దాల వెనకున్న ఒక చేతిసంచి మీద పడ్డాయి. గోధుమరంగు, పొలుసులు పొలుసులుగా మెరుస్తోంది.

"అమ్మాయ్, ఇది పాము చర్మమా?"

అమ్మే పిల్ల ముఖంలో రంగు పోయింది. అటూ ఇటూ చూసి, గల్లా బల్ల చెక్కని మెల్లగా తట్టి, "పురుగుదండీ," అని గుసగుసగా చెప్పింది.

"పురుగా!" కార్మెలే కళ్లజోడు సరిచేసుకుని సంచి పొడవు, వెడల్పు చూసింది. "పాస్తోరా గారూ, మీ ఊళ్లో పురుగులు ఇంతింత ఉంటాయా? రాత్రి కిటికీ తీసిపెట్టామే!"

అరసెలి నవ్వు ఆపుకోలేక శాలువాల వెనక్కి పోయింది. ఎనేకో ఆమె వెనకాలే పోయాడు. పాస్తోరాకి మాత్రం నవ్వు రాలేదు. అప్పటికే రెండుసార్లు. మూడోది కూడా అయితే పెళ్లి సంగతేమిటి?

మూడోది మ్యూజియంలో అయింది.

అది ఒకప్పటి మఠం. నడిమధ్యలో రంగు పలకలు అతికించిన గోడలు, చెట్ల నీడ. గుమ్మంలో కూర్చునే కాపలా మనిషికి పాస్తోరా బాగా తెలుసు. నెలలో కనీసం రెండుసార్లు వచ్చి, మిగతా గదులన్నీ రైలు తప్పిపోతున్నట్టు దాటేసి, మేడమీద ఒకే ఒక్క పటం ముందు నిలబడి దండం పెట్టుకుని వెళ్లిపోయే మనిషి. అరసెలి కడుపులో ఉన్నప్పుడు మొక్కుకున్నది ఆ మాతకే. 'ఆ సంగతి' జరిగినప్పుడు ఆసుపత్రి నుంచి పరిగెత్తింది కూడా ఆ మాత దగ్గరికే. నీలం కొంగు, పైకెత్తిన కళ్లు, చుట్టూ మబ్బుల్లో పసిపిల్లలు. పాస్తోరా ఎప్పుడూ ఒకేలా నిలబడుతుంది. ఎండకి అడ్డం పెట్టినట్టు అరచేతిని బోర్లించి గడ్డం దగ్గర పెట్టుకుంటుంది. ఆ చెయ్యి పటంలో కింది భాగానికి సరిగ్గా అడ్డం వస్తుంది.

"ఓహో, మీ గదిలో మాత!" కార్మెలే గుర్తుపట్టింది. "ఇదిగో, కాళ్లు ఇక్కడున్నాయి. అరె, కాళ్ల కింద పా—"

లియాండ్రో గట్టిగా దగ్గాడు.

"పాము! చూడు చోమిన్, నోట్లో పండు కూడా ఉంది. దానికి పైన చూశావా, ఆ రెండు—"

లియాండ్రో మళ్లీ దగ్గాడు. ఈసారి కాపలా మనిషి లేచి వచ్చి నీళ్లు కావాలా అని అడిగాడు. ఈ సందట్లో పాస్తోరా కిందికి దిగిపోయి, చెట్ల కింద చెక్కబల్లని అరచెయ్యి ఎర్రబడేదాకా తట్టింది.

"ఆవిడకి బొమ్మలంటే పడదా?" కార్మెలే నొచ్చుకుంది.

"పడుతుందండీ," అన్నాడు లియాండ్రో. "పై సగం."

*

ఆదివారం పూజ నుంచి వచ్చాక బల్ల మీద మంచి గుడ్డ పరిచారు. పాస్తోరా పొద్దున్నించీ పొయ్యి మీద ఉంచిన ఎద్దుతోక కూర ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది. చోమిన్ పందిమాంసపు హాము ముక్కల పళ్లానికి దగ్గరగా కుర్చీ చూసుకున్నాడు. కార్మెలే మెడ ఇప్పుడు కుడి భుజం మీదికి వాలి ఉంది.

చోమిన్ టోపీ తీసి లేచాడు. అంతదాకా ఆయన నోట పది మాటలు విన్నవాళ్లు లేరు. "లియాండ్రో, పాస్తోరా," అన్నాడు, "మా వాడు మంచివాడు. కొంచెం మతిమరుపు. మీ పిల్లని మా పిల్లలా చూసుకుంటాం. ఇవ్వండి." కూర్చున్నాడు.

పాస్తోరా కళ్లు చెమర్చాయి. ఇంతకన్నా బాగా అడగడం ఎవరివల్లా కాదనిపించింది. గరిటె చేత్తో పట్టుకునే, "తీసుకోండి," అంది.

కార్మెలే సంచిలోంచి నల్లటి పెట్టె తీసింది. "ఇది మా అత్తగారు నా చేతికి పెట్టింది. ఆవిడకి వాళ్ల అత్తగారు పెట్టారు. ఇవాళ్టి నుంచి ఇది నీది, అరసెలీ." మూత తెరిచింది.

పెట్టెలో బంగారు పాము చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది. కళ్లు చిన్న ఎర్రరాళ్లు. నోరు తెరిచి, తన తోక తనే పట్టుకోవడానికి సిద్ధంగా ఉంది.

పాస్తోరా వేసిన కేకకి ఎదురింటి కిటికీ తెరుచుకుంది. లియాండ్రో చెక్క తట్టబోతే చేతికి గుడ్డ తగిలింది. బల్ల నిండా గుడ్డే. ఆయన వంగి గుడ్డ కిందికి దూరాడు. "బల్లి, బల్లి!" అని కిందనుంచి వినిపించింది.

"మూసేయండి! ఆ పురుగుని మూసేయండి!"

"పురుగేమిటి?" కార్మెలే ముఖం ఎర్రబడింది. "బంగారం ఇది. పాము!"

"ఆ మాట నా ఇంట్లో అనకండి! నిన్నటి నుంచి అంటూనే ఉన్నారు, బజారులో అన్నారు, మాత ఎదుట అన్నారు, అతిథి కదాని ఊరుకున్నాను. ఇప్పుడు ఏకంగా పెట్టెలో పెట్టి తెచ్చారు!"

"ఓహో, అదా ఈ బల్లుల గోల! నేనింకా మీ ఇంట్లో బల్లులెక్కువనుకున్నాను. ఈ రోజుల్లో ఇలాంటివి నమ్మేవాళ్లున్నారా అండీ? మా అత్తగారి నగని అవమానిస్తారా?"

"అది నా కూతురి చేతికి ఎక్కదు."

"అమ్మా," అంది అరసెలి, "నాకది నచ్చింది."

"నచ్చితే ఆ పురుగుని తీసుకునే పో! అక్కడికే పో!"

అరసెలి లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని పాస్తోరాకి తర్వాత అనిపించింది.

"ఎక్కడికమ్మా? ఆ ఊరికి పేరు లేదా? నాన్నకి ఆపరేషన్ అయినప్పుడు 'ఆ సంగతి' అన్నావు. ఆ పేరే ఎత్తనివ్వలేదు. నాకు భయంగా ఉందని నీతో చెప్పుకోవడానికి కూడా లేకపోయింది. ఇప్పుడు దుప్పట్లు 'అక్కడికి', గిన్నెలు 'అక్కడికి'. రేపు ఎవరైనా నీ కూతురెక్కడుందని అడిగితే నా పేరు కూడా మానేసి 'ఆ పిల్ల' అంటావా?"

పాస్తోరా వెనక్కి తిరిగింది. ఏప్రనుతోనే, గరిటెతోనే వీధి తలుపు తీసుకుని వెళ్లిపోయింది.

"ఎక్కడికి వెళ్లింది?" అన్నాడు ఎనేకో కంగారుగా.

లియాండ్రో గుడ్డ కిందనుంచి తల బయటపెట్టాడు. "ఇంకెక్కడికి? పై సగం దగ్గరికి."

*

మ్యూజియం ఆదివారం తొందరగా మూసేస్తారు. కాపలా మనిషి ఆవిణ్ణి ఆపింది ఒక్క విషయంలోనే. "అమ్మా, గరిటె లోపలికి తీసుకెళ్లకూడదు. పటాల మీద కూర చిందుతుంది." గరిటెని లాకరులో పెట్టి తాళంచెవి ఇచ్చాడు.

పాస్తోరా తన చోట నిలబడింది. అలవాటు చొప్పున అరచెయ్యి పైకి లేచింది. మాత ముఖం ఎప్పట్లాగే ఉంది. 'నా కూతురు వెళ్లిపోతోంది తల్లీ' అనబోయింది. 'ఎక్కడికి?' అని మాత అడిగితే? ఆ తల్లి దగ్గర కూడా తను 'అక్కడికి' అంటుందా?

చెయ్యి నొప్పి పుట్టింది. దించేసింది.

ముందు పాదం కనిపించింది. చిన్న పాదం, ఇంట్లో తిరిగే ఆడదాని పాదంలాగే చెప్పు లేనిది. ఇన్నేళ్లూ దండం పెట్టి, ఆ తల్లి పాదాల వైపు ఒక్కసారైనా చూడలేదని పాస్తోరాకి అప్పుడు తట్టింది. తర్వాత గుండె దిటవు చేసుకుని ఇంకొంచెం కిందికి చూసింది.

ఆ పటం వేసినాయన బతికుండగా పాముని చూసి ఉండడు. పచ్చటి లావుపాటి ఒళ్లు, నోట్లో పండు, ఓరచూపు. వంటింట్లో వేయించి పెట్టిన చేప ముక్క దొంగిలిస్తూ పట్టుబడిన లియాండ్రో ముఖంలా ఉంది. పైగా కుక్కపిల్లకున్నట్టు రెండు చెవులు.

"ఇంతేనా?" అని పైకే అనేసింది.

నవ్వొచ్చింది. నవ్వుతూ ఉంటే కన్నీళ్లు కూడా వచ్చాయి. మాత దానివైపు చూడటం లేదు. దాన్నుంచి ముఖం తిప్పుకోనూ లేదు. పైనేదో పని చూసుకుంటూ, కాలు మాత్రం దాని మీద పెట్టి ఉంచింది. 'పేరెత్తకపోవడం వల్ల అది ఊరుకుందా తల్లీ, నువ్వు కాలు పెట్టడం వల్ల ఊరుకుందా?' అని అడిగింది పాస్తోరా.

వెనకాల బెంచీ కిర్రుమంది. కార్మెలే వచ్చి కూర్చుని, మెడ పట్టుకుని ఊపిరి తీసుకుంటోంది.

"దీనికి చెవులున్నాయి," అంది పాస్తోరా.

"నిన్ననే చెప్పబోయాను. అసలు చెవులుండవు వాటికి. మీ ఆయన దగ్గులో వినబడలేదు."

పాస్తోరా వచ్చి బెంచీ రెండో చివర కూర్చుంది. కార్మెలే ఒళ్లో సంచి పట్టీని మెలిపెట్టింది, విప్పింది.

"నేను మీ మంచం మీద పడుకోలేదు," అంది చివరికి.

"తెలుసు. మీకు మా పరుపు నచ్చలేదు."

"పరుపు కాదు. మొన్న మీ ఆయన సామాన్లు లోపల పెడుతూ, చోమిన్ టోపీ తీసుకొచ్చి మంచం మీద పెట్టాడు."

పాస్తోరా లేచి నిలబడి సిలువ గుర్తు వేసుకుంది. "మంచం మీద టోపీయా! దేవుడా! ఆ మనిషిని ఏం చేయాలి నేను!"

"టోపీ పెట్టిన మంచం మీంచి శవం లేస్తుందని మా అమ్మమ్మ అనేది."

"మా అమ్మమ్మా అదే!"

"చోమిన్‌కి చెప్తే నవ్వుతాడు. అతనేమో పడుకోగానే గురక. రెండు రాత్రులూ కుర్చీలో కూర్చుని, ఊపిరి ఆడుతోందా లేదా అని చూస్తూ ఉన్నాను." కార్మెలే కళ్లజోడు తీసింది. "ఇన్నేళ్లు పిల్లలకి కెమిస్ట్రీ చెప్పాను, పాస్తోరా గారూ. కారణం లేకుండా ఏదీ జరగదని చెప్పాను. ఇందాక మీ బల్ల దగ్గర, ఇలాంటివి నమ్మేవాళ్లున్నారా అన్నాను కదా. ఉన్నారు. మెడ పట్టేసి కూర్చున్నారు."

పాస్తోరా జేబులోంచి చేతిరుమాలు తీసి ఇచ్చింది. అది ఏప్రను జేబు కాబట్టి రుమాలుకి వెల్లుల్లి వాసన వేసింది.

"ఆ కంకణం మా అత్త నాకు పెట్టినప్పుడు నాకూ భయమేసింది," అంది కార్మెలే ముక్కు తుడుచుకుని. "ఇప్పుడేమో అది నా దగ్గరే ఆగిపోతే ఏమవుతుందోనని..." మాట పూర్తి చేయకుండా బెంచీని మెల్లగా తట్టింది.

"అక్కడ రేకుంది. ఇటు తట్టు, ఇటు చెక్క," అంది పాస్తోరా. అప్పటిదాకా 'మీరు' అన్న మనిషి 'నువ్వు' అనేసినట్టు ఇద్దరూ గమనించలేదు.

"నీకు నా మీద కోపంగానే ఉంటుంది," అంది కార్మెలే. "అన్నిటికీ మా ఊళ్లో పెద్దది, మా ఊళ్లో మంచిది అంటూ వచ్చాను. ఏం చేయను? ఈ ఎండ, ఈ చెట్లు, కూరలమ్మేవాడు కూడా 'నా ప్రాణమా' అని పలకరించడం! ఇదంతా వదిలేసి ఈ పిల్ల మా వానలో, మాట్లాడటం రాని మా మగవాళ్ల మధ్య ఎలా ఉంటుందా అని నాకు దిగులు పట్టుకుంది. ఆపిల్ కాయలు తప్ప నా దగ్గరేముంది చూపించడానికి?"

పాస్తోరా కార్మెలే వైపు తిరిగింది. తన కూతురు వెళ్లే చోట దాని కోసం దిగులుపడే మనిషి ఒకరున్నారన్న సంగతి ఆవిడ బుర్రకి ఇంతవరకూ ఎక్కలేదు.

"మీ ఆయన మాట్లాడాడుగా ఇవాళ," అంది. "బాగా అడిగాడు."

"రైల్లో దారంతా నేర్చుకున్నాడు."

కాపలా మనిషి తాళాలు గలగలలాడిస్తూ వచ్చాడు. పాస్తోరా పటం దగ్గరికి వెళ్లి, పెదవులు కూడదీసుకుని, "పా..." అంది. ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. "ఉహూఁ. ఇది రాదు, కార్మెలే. ఈ జన్మకి ఇది పురుగే. ఇంకో మాట ఉంది, అదైనా వస్తుందేమో చూడాలి."

కిందికి దిగి గరిటె తీసుకున్నారు.

*

ఇంటికొచ్చేసరికి హాము పళ్లెం ఖాళీ. లియాండ్రో, చోమిన్ ఏ పాపమూ ఎరగని ముఖాలతో గోడవైపు చూస్తున్నారు. అరసెలి కిటికీ దగ్గర నిలబడి ఉంది, కళ్లు ఎర్రగా. ఎనేకో ఆమె పక్కన నిలబడి, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక పూలకుండీ మీద పెట్టాడు.

"లియాండ్రో," అంది పాస్తోరా, "ఆ టోపీ సంగతి తర్వాత మాట్లాడతాను."

"ఏ టోపీ?"

"తర్వాత అన్నాను." బల్ల దగ్గరికి వచ్చింది. "అరసెలీ, ఇలా రా. చెయ్యి ఇవ్వు."

నల్లటి పెట్టె తెరిచింది. అందరూ చూస్తున్నారు. పాస్తోరా కళ్లు మూసుకోలేదు. రెండు వేళ్లతో, మరిగే గిన్నెని పట్టుకున్నట్టు పట్టుకుని, ఆ బంగారు పురుగుని పైకి తీసింది. చల్లగా ఉంది. అంతే. కూతురి మణికట్టు చుట్టూ తిప్పింది. తోకని నోట్లోకి తొయ్యాలి, అప్పుడే బిగుస్తుంది. మొదటిసారి జారింది. రెండోసారి జారింది. "కొంచెం నొక్కాలి," అంది కార్మెలే పక్కనుంచి. మూడోసారి టక్కుమంది.

పాస్తోరా కూతురి చెయ్యి వదల్లేదు. ఆ మణికట్టుని పసిపిల్లప్పుడు ఎన్నిసార్లు ముద్దుపెట్టుకుందో. కాలు కాస్త ముందుకి వేసి, నేల మీద గట్టిగా ఆనించింది.

"బిల్బావోలో వాన ఎక్కువట," అంది. "నీకు మందపాటి కోటు కొనాలి."

అరసెలి తల్లి భుజం మీద తలపెట్టి బావురుమంది. కార్మెలే వెల్లుల్లి రుమాలు మళ్లీ బయటకు తీసింది. చోమిన్ టోపీ తీశాడు, ఎక్కడ పెట్టాలా అని చూశాడు, ఇద్దరాడవాళ్లూ ఒక్కసారిగా తనవైపు చూసేసరికి మళ్లీ తలమీదే పెట్టుకున్నాడు.

లియాండ్రో కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. గుడ్డ అంచు కదులుతోంది. ఇన్నేళ్ల అలవాటు.

"బల్లి, బల్లి!" బల్ల కిందనుంచి టకటకా చప్పుడు.

"పైకి రా, లియాండ్రో," అంది పాస్తోరా కూతురి జుట్టు నిమురుతూ. "అది ఊరి పేరే."